లోపాలతో మొదలైన రిహార్సల్

రెండో శనివారం పొద్దున యేసురాజు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఉప్మా తినాలి. ఫోను కట్టేయాలి. సాయంత్రం ఇవ్వబోయే ప్రసంగాన్ని హాల్లో నిలబడి మధ్యాహ్నంలోపు పైకి చదువుకోవాలి. ఆ తరవాత ఆ ప్రసంగానికి వచ్చినవాళ్ళెవరూ నిద్రపోకుండా చూడాలి. ఈ చివరిది ఒక్కటే ఆయన చేతిలో లేని పని. అయినా అన్నిటికంటే గట్టిగా అనుకున్నది దాన్నే.

యేసురాజు అల్వాల్‌లో ఉంటాడు. జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి పోయినేడు రిటైరయ్యాడు. తిరుమలగిరిలో 'స్నేహసంగతి' అని ఒక మిత్రమండలి ఉంది. చర్చి స్నేహాలతో మొదలై, పోనుపోను ఇరుగూ పొరుగూ అన్ని కుటుంబాలూ కలిసిన మండలి. నెలకోసారి వాళ్ళ హాల్లో ఒక మంచి సినిమా వేసి, అయ్యాక దాని బలాలూ లోపాలూ మాట్లాడుకోవాలన్న ఆలోచన యేసురాజుదే. సినిమా వేయడం వరకు బాగానే సాగింది. మాట్లాడుకోవడమంటే యేసురాజు మాట్లాడటమని తేలేసరికి జనం పల్చబడ్డారు. పోయిన నెల ప్రసంగం సగంలో ఉండగా ముందు వరుసలోంచి గురక వినిపించింది. గురక పెట్టింది మండలి అధ్యక్షుడు జెరెమియా గారు.

నిద్రలేచాక జెరెమియా గారు దాచుకోకుండా చెప్పారు. ఈసారి హాలు సగమైనా నిండకపోతే సినిమా ఆపేసి తంబోలా పెడతామన్నారు. తంబోలాలో నంబరు పోతుందన్న భయం ఉంటుంది కాబట్టి ఎవరూ కన్ను మూయరని వివరించారు కూడా. యేసురాజుకు తంబోలా మీద పగ ఏమీ లేదు. కానీ తను నాటిన మొక్కను తన కళ్ళముందే పీకి, ఆ గుంటలో వేరేది నాటుతామంటే ఎవరు ఊరుకుంటారు? ఆయన ఊరుకోదలచుకోలేదు.

సినిమా ఎంపికలో ఈసారి రాజీపడలేదు. ఒక విదేశీ చిత్రం తెచ్చాడు. కొండల నడుమ చిన్న ఊరు. అందులో గడియారాలు బాగుచేసుకునే ఒక మంచివాడు. పుట్టినప్పటి నుంచీ అతని బతుకంతా దొంగచాటుగా టీవీలో వస్తోంది. లోకమంతా చూస్తోంది, ఆ సంగతి అతనొక్కడికే తెలియదు. భార్య, స్నేహితుడు, పాలు పోసే మనిషి, అందరూ జీతానికి నటిస్తున్నవాళ్ళే. ఊరికి పైన ఒక మేడగదిలో నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న నిర్మాత కూర్చుని, ఎవరు ఎప్పుడేం మాట్లాడాలో మైకులో చెబుతుంటాడు. ఊళ్ళోంచి వెళ్ళిన రైలు ప్రతిసారీ అదే ప్రయాణికులతో తిరిగి రావడం గమనించి, చివరికి ఆ గడియారాలవాడు పట్టాల వెంట నడుచుకుంటూ బయటపడతాడు. యేసురాజు ఈ సినిమాను పదేపదే చూశాడు. చూసినప్పుడల్లా కళ్ళు తుడుచుకున్నాడు, తుడుచుకున్నాక ఒక కొత్త లోపం రాసుకున్నాడు.

ఉప్మా తింటుండగా కూతురు హదస్సా ఒక సలహా ఇచ్చింది. ఆమె డిగ్రీ చదువుతోంది. మండలి కార్యక్రమాలు వీడియో తీసేది ఆమే కాబట్టి మండలివాళ్ళ ఫోను వీళ్ళింట్లోనే ఉంటుంది. దానికి సిమ్ము లేదు, ఇంటి వైఫైతో నడుస్తుంది.

"నాన్నా, నువ్వు తలొంచుకుని కాయితంలోకే చూస్తావు. జనానికి నీ నడినెత్తి తప్ప ఏమీ కనబడదు. ఒకసారి రికార్డ్ చేసుకుని చూసుకో, నీకే తెలుస్తుంది."

సలహా యేసురాజుకు నచ్చింది. హదస్సా ఆ ఫోనును హాల్లో షోకేసు మీద పూలకుండీకి ఆనించి పెట్టి, ఏది నొక్కాలో చూపించింది. పక్కదాని జోలికి మాత్రం పోవద్దని హెచ్చరించింది. ఆ సమయంలో యేసురాజు కళ్ళజోడు వెతుక్కుంటున్నాడు. ఆయన చెవిన పడింది "పక్కది" అన్న ముక్క ఒక్కటే. హదస్సాకు కాలేజీలో పరీక్ష ఉంది. తన ఫోను కట్టేసి బ్యాగులో పడేసుకుని వెళ్ళిపోయింది.

రిహార్సల్ కూడా ప్రసంగమంత పద్ధతిగా ఉండాలని యేసురాజు చొక్కా మీద కోటు వేసుకుని టై కట్టాడు. కెమెరాకు నడుము దాకానే కనబడతానని అనుకున్నాడు కాబట్టి కింద లుంగీ మార్చలేదు. షోకేసు దగ్గరకు వెళ్ళి పక్కది నొక్కాడు.

చిలకలగూడలో, బొల్లారంలో, తిరుమలగిరిలో, మండలి సభ్యులందరి ఫోన్లూ ఒక్కసారి కుయ్యిమన్నాయి. స్నేహసంగతి ప్రత్యక్ష ప్రసారం మొదలైందని వాటి సారాంశం.

బలాలు ఎవరైనా చెబుతారు, లోపాలు చెప్పడానికే మనిషి కావాలన్నది యేసురాజు నమ్మకం. అందుకని లోపాల కాయితం ముందు తీశాడు. తల పైకెత్తి, షోకేసు వైపు సూటిగా చూస్తూ మొదలుపెట్టాడు.

"మొదట భార్య సంగతి మాట్లాడుకుందాం. పొద్దున్నే నవ్వుతూ కాఫీ ఇస్తుంది. ఆ నవ్వు నిజం కాదు. ఇన్నేళ్ళుగా ఆమె నటిస్తూనే ఉంది. నెల తిరిగితే జీతం వస్తుంది, ఆ జీతమే ఈ కాపురానికి పునాది. పాపం, ఆ అమాయకుడు మాత్రం ఇదంతా ప్రేమే అనుకుంటున్నాడు."

చిలకలగూడలో గోరుచిక్కుడు కాయలు తుంచుతున్న గ్లోరియా చేతులు ఆగిపోయాయి. ఆవిడ యేసురాజు భార్య కాంతమణికి అక్క. చెల్లెలు బ్యాంకులో పనిచేస్తుంది, నెల తిరిగితే జీతం తెస్తుంది, పొద్దున్నే కాఫీ ఇస్తుంది. సినిమా గురించి ఈ ప్రసంగంలో ఇంతవరకు ఒక్క మాటా రాలేదు. గ్లోరియా చిక్కుడు కాయలు పక్కకు తోసి చెల్లెలికి ఫోను చేసింది.

అల్వాల్‌లో వంటింట్లో ఫోను మోగడం, కాంతమణి ఏదో మెల్లిగా మాట్లాడటం యేసురాజుకు లీలగా వినిపించింది. పట్టించుకోలేదు. ఆయన అప్పటికి స్నేహితుడి దగ్గరకు వచ్చేశాడు.

"ఇక ఆ స్నేహితుడు. సాయంత్రమయ్యేసరికి వేరుసెనక్కాయల పొట్లం పట్టుకుని వచ్చి మెట్ల మీద కూర్చుంటాడు. ప్రాణమిచ్చేవాడిలా మాట్లాడతాడు. ఒక్కటి కూడా సొంత మాట కాదు. ఎవరో పైనుంచి చెప్పినదాన్ని అప్పజెప్పడమే."

పక్కింటి లోవరాజు అప్పుడు గడ్డం గీసుకుంటున్నాడు. తుని దగ్గర నుంచి వచ్చి కార్ల షోరూములో ఉద్యోగం చేసుకుంటున్న మనిషి. యేసురాజును మాస్టారని పిలుస్తాడు, గౌరవం ఎక్కువ. సాయంత్రంపూట యేసురాజు మెట్ల మీద కూర్చుని కబుర్లాడటం అతని అలవాటు. వేరుసెనక్కాయలు తెచ్చేది కూడా అతనే. సగం గీసిన గడ్డంతో ఫోను వంక చూస్తూ ఉండిపోయాడు.

"ఆ పైనున్నవాడి సంగతి అసలు చెప్పాలి," అని యేసురాజు గొంతు పెంచాడు. "మేడమీద గది. నల్లకళ్ళద్దాలు. తను కదలమంటే కదలాలి, కూర్చోమంటే కూర్చోవాలి. దేవుడు కూడా మనిషికి ఇష్టం వచ్చినట్టు బతికే స్వేచ్ఛ ఇచ్చాడు గానీ, ఈయన ఇవ్వడు. ఇలాంటివాడి చేతిలో ఇంతమంది ఎలా పడ్డారన్నదే నాకు అర్థం కాదు."

మండలి ఆఫీసు హాలుకు పైన మేడగదిలో ఉంది. కంటి ఆపరేషను అయినప్పటి నుంచి జెరెమియా గారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుంటున్నారు. ఆ గదిలో కూర్చుని, ఆ అద్దాల్లోంచి ఆయన ఇదంతా చూశారు. తరవాత మండలి గ్రూపులో ఒక సందేశం పెట్టారు. ఈ సాయంత్రం సినిమా రద్దు, దాని స్థానంలో తంబోలా, యేసురాజు వివరణ ఇచ్చుకోవలసి ఉంటుంది. ఈలోపు ఎవరో ప్రసంగంలోంచి చిన్న ముక్క కత్తిరించి అందరికీ పంపారు. ముక్క చూసినవాళ్ళు మొత్తం చూడలేదు. చూడాలని వాళ్ళకు అనిపించలేదు కూడా.

ఇవేవీ తెలియని యేసురాజు మంచినీళ్ళు తాగుదామని ఆగాడు. అప్పుడే కాంతమణి కాఫీ గ్లాసుతో హాల్లోకి వచ్చింది. ఆవిడ పట్టుచీర కట్టుకుంది. తల దువ్వుకుని కొత్తగా ముడి వేసుకుంది. సెలవురోజు పొద్దున్నే పట్టుచీర ఏమిటని యేసురాజుకు అనిపించింది. అడిగేలోపే ఆవిడ నవ్వుతూ గ్లాసు చేతికిచ్చింది.

"ఏమండీ, ఒక్క మాట. ప్రమోషను ఇంటర్వ్యూకి వస్తున్నానని సోమవారంలోగా రాసివ్వాలి. ఇవ్వమంటారా?"

ఇది పాత సంగతి. కాంతమణి ప్రమోషనుకు అర్హురాలై చాలాకాలమైంది. అది వస్తే వికారాబాదుకో జహీరాబాదుకో పంపిస్తారేమోనని భయం. ఆవిడ అడిగిన ప్రతి ఏడూ యేసురాజు "చూద్దాం" అనేవాడు. ఆ ఏడు అలాగే చూస్తుండగా గడిచిపోయేది. మామూలు రోజయితే ఇప్పుడు కూడా అదే అనేవాడు. కానీ ఒంటిమీద కోటు ఉంది, మెడకు టై ఉంది, నోట్లో ఇంకా ప్రసంగం ఉంది.

"ఇవ్వు. ఎందుకివ్వకూడదు? మనిషి ఎదుగుదలను ఆపే హక్కు ఎవరికీ లేదు."

"వేరే ఊరు వేస్తే? వంట, ఇల్లు?"

"నేను లేనా? వంట నేర్చుకోవడం అంత పెద్ద విద్యా?"

"మాట మీద ఉంటారుగా."

"ఉంటాను," అని యేసురాజు కుడిచెయ్యి పైకెత్తాడు.

కాంతమణి చాలా సంతోషమండీ అంది. అంటున్నప్పుడు షోకేసు వైపు కాస్త తిరిగి అంది. చెక్క సామానుకు కృతజ్ఞత చెప్పడమేమిటో యేసురాజుకు తెలియలేదు. కానీ కాఫీ బాగుంది.

అంతలో వీధి తలుపు దగ్గర చప్పుడయింది. లోవరాజు ఒక నిచ్చెన భుజాన మోసుకుని వచ్చాడు. ఎప్పుడో పోయిన వేసవిలో ఫ్యాను తుడుచుకోవడానికి తీసుకెళ్ళిన నిచ్చెన అది. గడ్డం ఒకవైపు నున్నగా ఉంది, ఒకవైపు లేదు.

"నిచ్చెన తెచ్చేసినానండి మాస్టారూ," అన్నాడు ముభావంగా. "మనసులో ఏటున్నా మొహమ్మీద చెప్పీయండి. మనకి మనకి దాపరికాలేటండి?"

నిచ్చెన ఆలస్యమైనందుకు బాధపడుతున్నాడని యేసురాజు అనుకున్నాడు. అలాంటివి తను మనసులో పెట్టుకోనని, స్నేహంలో ఇవన్నీ మామూలేనని ఓదార్చాడు. లోవరాజు కళ్ళు మాత్రం షోకేసు మీదే ఉన్నాయి.

"అది కాదండి. ఆ షోకేసు మీద మరి..." అని మొదలుపెట్టాడు.

"లోవరాజు గారూ, కాఫీ తాగుతారా?" అని కాంతమణి వంటింటి గుమ్మంలోంచి అడిగింది. లోవరాజు ఆవిడ మొహం వంక చూశాడు, నిచ్చెన గోడకు ఆనించాడు, వద్దండి వస్తానండి అని వెళ్ళిపోయాడు. యేసురాజు మళ్ళీ కాయితం అందుకున్నాడు. భార్య గురించి ఇంకో లోపం మిగిలి ఉంది. ఒకే ఇంట్లో కాపురం చేస్తూ, కెమెరా ఉందన్న సంగతి భర్త దగ్గర ఒక్క పూటయినా ఏ భార్యా దాచలేదని, ఇక్కడ సినిమా నమ్మశక్యంగా లేదని ఆయన చాలా బలంగా చెప్పాడు.

సినిమా అన్న మాట ఆ పొద్దున ఆయన నోట రావడం అదే మొదటిసారి. అప్పటికి గ్లోరియా ఆటోలో ఉంది. ట్రాఫిక్ హోరులో ఆవిడకు ఆ ముక్క వినబడలేదు.

ఆటో వాకిట్లో ఆగింది. గ్లోరియా దిగి, ఖాళీ సూట్‌కేసుతో లోపలికి నడిచింది. వెనక నుంచి ఆటో అతను, "అమ్మా, రిటర్న్ ఉన్నదా లేదా? జెర చెప్తే ఆగుతా," అని అడిగాడు. ఆగమంది.

"చెల్లీ, బట్టలు సర్దుకో," అంది. తరవాత యేసురాజు వైపు తిరిగింది. "జీతం కోసం కాపురం చేసే మనిషి మీకెందుకులెండి, మరిదిగారూ. మా ఇంటికి తీసుకుపోతాను."

యేసురాజుకు మొదట నవ్వొచ్చింది. తను రాసుకున్న వాక్యం వదినగారి నోట ఎలా వచ్చిందని అడగబోయాడు. అప్పుడు గ్లోరియా చేతిలో ఉన్న ఫోను కనబడింది. అందులో కోటు వేసుకుని లుంగీ కట్టుకున్న ఒక మనిషి కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. యేసురాజు గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఫోనులో మనిషి ఒక్క క్షణం ఆగి, గ్లాసు బల్ల మీద పెట్టాడు. యేసురాజు టై పట్టుకున్నాడు. అతనూ పట్టుకున్నాడు.

ఆయన నెమ్మదిగా వెళ్ళి, షోకేసు మీది ఫోనును బోర్లా పెట్టి, కట్టేసి, ఆ తరవాతే కూర్చున్నాడు. తను మాట్లాడింది సినిమా గురించని గ్లోరియాకు చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. కాయితాలన్నీ చదివి చూపించాల్సి వచ్చింది. చివరికి గ్లోరియా సూట్‌కేసు మీద కూర్చుని, ఇంత మంచి సినిమాకు ఇంత దిక్కుమాలిన మొదలేమిటని విసుక్కుంది. ఆటోను పంపించేసింది.

"నీకు నేను అప్పుడే ఫోను చేశానుగా. కెమెరా నడుస్తోందని చెప్పానుగా," అంది చెల్లెలితో.

యేసురాజు తలెత్తి భార్య వంక చూశాడు. పట్టుచీరకు అర్థం ఆయనకు అప్పుడు తెలిసింది.

"తెలిసే ఊరుకున్నావా?"

"తెలిసే ఊరుకున్నాను," అంది కాంతమణి. గొంతులో తడబాటు లేదు. "అది సినిమా అని చెప్పేలోపే అక్క ఫోను పెట్టేసింది. మీకు చెబుదామనే గుమ్మం దాకా వచ్చాను. మీరు సినిమా గురించి మాట్లాడుతున్నారని నాకు తెలుసు, నెలరోజులుగా వింటున్నాను. అప్పుడే నాకు అనిపించింది. నలుగురూ వింటుంటే మీరు చూద్దాం అనరని. ఇన్నేళ్ళు మనిద్దరమే ఉన్నప్పుడు అడిగాను. ఒక్కసారి మనుషుల్లో అడిగాను. తప్పయితే తప్పే."

యేసురాజుకు తప్పని అందామంటే నోరు రాలేదు, ఒప్పని అందామంటే ఒంటిమీద లుంగీ గుర్తొచ్చింది.

మధ్యాహ్నానికి హదస్సా వచ్చింది. దారిలో ఫోను తెరిచి అంతా చూసి, ఏడుపుమొహంతో వచ్చింది. మండలి గ్రూపులో ఇప్పుడే వివరణ పెడతానంది. యేసురాజు వద్దన్నాడు. కాంతమణి ఫోనులో జెరెమియా గారి సందేశం చదివాక కూడా వద్దనే అన్నాడు. వివరణ తన చేతిలో లేదని, సినిమాలో ఉందని, చూస్తే వాళ్ళకే తెలుస్తుందని చెప్పాడు. అసలు ఆయన్ను కోసింది వేరే. ఇంతమంది తన ఇంటిని పొద్దుటి నుంచి చూస్తూ కూర్చున్నారు. నీ బతుకు బజార్న పడింది నాయనా, కాస్త చూసుకో అని చెప్పడానికి ఒక్కడికీ చేతులు రాలేదు. పొద్దున కట్టేసిన తన ఫోను తెరవడానికి కూడా ఆయనకు మనసొప్పలేదు. ఎవరెవరు ఏమేం రాసి నవ్వుకున్నారో చదవదలచుకోలేదు. ఒక్కరైనా ఎందుకు చెప్పలేదన్న మాట సాయంత్రం మైకులోనే అడుగుతానని, అడిగాకే ఇంటికొస్తానని చెప్పి ప్యాంటు వేసుకున్నాడు.

సాయంత్రం హాలు చూసి కాంతమణి గుమ్మంలోనే ఆగిపోయింది. కుర్చీలు నిండిపోయాయి. గోడల వెంట జనం నిలబడ్డారు. మెట్ల మీద కూడా కూర్చున్నారు. వచ్చినవాళ్ళలో సగం మంది ఈ మండలి పేరు అంతకుముందు విననివాళ్ళు. కాపురం నిలుస్తుందో లేదో తెలుసుకుని పోదామని వచ్చారు. జెరెమియా గారు తంబోలా టికెట్ల కట్ట పట్టుకుని వేదిక దగ్గర నిలబడి ఉన్నారు. ఎవరూ టికెట్ అడగలేదు. మైకులు, తెర చూసుకునే పాల్ ఆయన దగ్గరకు వచ్చాడు.

"సార్, తంబోలకు గింత మంది ఎన్నడు రాలే. సినిమా షురూ చేస్తున్న."

జెరెమియా గారు హాలంతా ఒకసారి చూశారు. సగం నిండితే చాలన్న మాట తను అన్నదే. టికెట్లు జేబులో పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్నారు.

సినిమా మొదలైంది. గడియారాలవాడి భార్య నవ్వుతూ కాఫీ ఇచ్చింది. ఆమెకు నెలజీతం ఎవరిస్తున్నారో తెర మీద కనబడింది. హాల్లో ఒక మూల నుంచి చిన్న గుసగుస లేచి, వరుసలన్నీ దాటి రెండో మూలకు చేరింది. గ్లోరియా పవిట చెంగు ముక్కు దాకా లాక్కుంది. స్నేహితుడు వేరుసెనక్కాయల పొట్లంతో వచ్చి మెట్ల మీద కూర్చోగానే నవ్వులు మొదలయ్యాయి, అందరికంటే గట్టిగా నవ్వింది లోవరాజు. మేడగదిలో నిర్మాత కనబడేసరికి జనమంతా ముందు వరుస వైపు మెడలు చాపారు. జెరెమియా గారు నల్లకళ్ళద్దాలు తీసి జేబులో దాచుకున్నారు. వెలుతురు తగలకూడదని డాక్టరు చెప్పిన కన్ను కావడంతో అది ధారగా కారడం మొదలుపెట్టింది. పెద్దాయన కరిగిపోయారని పక్కవాళ్ళు అనుకున్నారు.

దీపాలు వెలిగాక యేసురాజు వేదిక ఎక్కాడు. కాయితం తీయలేదు.

"ఈ సినిమాకు ఒక గొప్ప బలం ఉంది," అన్నాడు. "అతని చుట్టూ ఉన్నదంతా అబద్ధం. కానీ అతని మంచితనం అబద్ధం కాదు. జీతానికి నవ్వే మనిషిని కూడా అతను నిజంగానే ప్రేమించాడు. ఇక లోపం. లోకమంతా అతన్ని చూస్తుంది, అతనితో ఏడుస్తుంది, చప్పట్లు కొడుతుంది. ఒక్కరు కూడా అతనికి చెప్పరు. లోకం అంత దుర్మార్గంగా ఉండదని, అది కథలో లోపమని నేను రాసుకున్నాను. ఇవాళ పొద్దుటి నుంచి నాకు సందేహంగా ఉంది. మీరంతా చూశారు. ఒక్కరికైనా నాకు చెప్పాలనిపించలేదా?"

ఎవరూ నిద్రపోవడం లేదని యేసురాజుకు స్పష్టంగా తెలిసింది. ఆ సంతోషం కూడా ఆయనకు అప్పుడు కలగలేదు. గోడ పక్క నుంచి లోవరాజు లేచాడు.

"చెప్పడానికే వచ్చేనండి మాస్టారూ. ఒట్టిచేతుల్తో ఎలగొస్తాననేసి నిచ్చెనట్టుకొచ్చేను. అమ్మగారు కళ్ళతోనే వద్దనీసేరండి."

ఒకరు లేచాక మిగతావాళ్ళకు ధైర్యం వచ్చింది. పొద్దుటి నుంచి చేస్తూనే ఉన్నామని, ఫోను స్విచాఫ్ వస్తోందని తలా ఒక మూల నుంచి చెప్పారు. కాంతమణి గారికి కూడా చేశామని, ఆవిడ ఎత్తలేదని ఎవరో అన్నారు. కాంతమణి చీర అంచు సరిచేసుకుంది. చివరికి జెరెమియా గారు కూర్చున్న చోటు నుంచే గొంతు సవరించుకున్నారు.

"నేనూ చేశానయ్యా. తిడదామనే చేశాను. కెమెరా సంగతి ముందు చెప్పి, తరవాత తిడదామనుకున్నాను."

యేసురాజు జేబులోంచి ఫోను తీసి, మైకు పక్కనే నిలబడి తెరిచాడు. ఒక క్షణం ఏమీ జరగలేదు. తరవాత టింగుమంది. మళ్ళీ టింగుమంది. ఇక ఆగలేదు. పాల్ అమర్చిన పెద్ద స్పీకర్లలోంచి ఆ చప్పుడు చర్చి గంటల్లా హాలంతా మోగింది. యేసురాజు ఒక్కొక్కటీ చూస్తూ నిలబడ్డాడు. మాస్టారూ కెమెరా ఆన్‌లో ఉంది. అన్నా లైవ్ పోతోంది, ఆపండి. జెరెమియా గారి సందేశం అన్నిటికంటే ముందు వచ్చింది. నీ ప్రసారం నడుస్తోంది, వెంటనే ఆపు, లేదా ప్యాంటు వేసుకో అని అందులో ఉంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"లోపం లోపమే," అన్నాడు. "నేను రాసుకున్నదే సరైంది. దర్శకుడికి మన తిరుమలగిరి తెలియదు."

చప్పట్లు ఆగాక ఇంకొకటి ఉందన్నాడు. అది పొద్దుటి కాయితాల్లో లేదన్నాడు.

"ఆ భార్యగా నటించే మనిషికి ఏం కావాలో ఈ సినిమా ఒక్కసారి కూడా అడగదు. అతనికి జరిగిన అన్యాయమే చూపిస్తుంది. ఆమె పని అయ్యాక ఎక్కడికి పోతుంది, ఆమె ఆశలేమిటి, ఎవరికీ పట్టదు. దర్శకుడికి తోచలేదు. నిజం చెప్పాలంటే ఇవాళ పొద్దుటిదాకా నాకూ తోచలేదు."

అంతటితో దిగిపోయాడు. ఆయన ప్రసంగాల్లో అంత చిన్నది అంతకుముందు లేదు. కాంతమణి పక్కన కుర్చీ ఖాళీగా ఉంటే వెళ్ళి కూర్చున్నాడు. ఆవిడ మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది. వెనక నుంచి గ్లోరియా ముందుకు వంగి, వచ్చే నెల ఏం సినిమా అని అడిగింది. తంబోలా మాట ఆ రోజు తరవాత ఎవరూ ఎత్తలేదు.

కాంతమణి సోమవారం రాసిచ్చింది. ఇంటర్వ్యూ బాగా చేసింది. ఉత్తర్వులు వచ్చేదాకా యేసురాజు ఊరికే కూర్చోలేదు. నలుగురిలో చెయ్యెత్తి ఇచ్చిన మాట. గ్లోరియా దగ్గర పప్పుచారు నేర్చుకున్నాడు, లోవరాజు ఇంట్లో బెల్లం పులుసు నేర్చుకున్నాడు, చేపలు కడగడం ఎవరూ చెప్పకుండానే నేర్చుకుని వేలు కోసుకున్నాడు. మాడిన గిన్నెలు తనే తోముకున్నాడు. భార్య వికారాబాదు వెళ్ళిపోయాక తనకూ హదస్సాకూ ఇబ్బంది ఉండకూడదని, ఆవిడ అక్కడ ఉన్నన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చే వంట వస్తే చాలని ఆయన లెక్క. ఆవిడ నాలుకకు తన వంట తగలదన్న ధైర్యం కూడా అందులో ఉంది.

ఒక మధ్యాహ్నం కాంతమణి బ్యాంకు నుంచి మిఠాయి పొట్లంతో వచ్చి, మేనేజరుగా ఉత్తర్వు చేతికిచ్చింది. యేసురాజు ఊరి పేరు కోసం కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. వికారాబాదు కాదు, జహీరాబాదు కాదు. వాళ్ళ వీధి చివర మలుపు తిరిగితే వచ్చే అల్వాల్ శాఖ.

ఇప్పుడు ఆవిడ రోజూ మధ్యాహ్నం భోజనానికి ఇంటికే వస్తోంది.